చెవులతో కలిపి కొలవండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి లండన్‌కి మకాం మారుస్తున్న ఆ ఇంట్లో వీసాలు నలుగురివి, తలనొప్పి ఐదోవాడిది. ఐదోవాడి పేరు పండు. వీధిలో దొరికి సోఫా మీదకి చేరిన మన ఊరకుక్క. బరువు 18 కిలోలు, చెవులు రెండు తమలపాకులు నిలబెట్టినట్టు ఉంటాయి. గొడవంతా ఆ చెవులతోనే కాబట్టి మిగతాది గబగబా చెప్పేస్తాను.

ముందు మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు. ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు. ఆ సూది ఈ కుక్కకే పడిందని రుజువేమిటంటారు. టీకా వేయించాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. దాన్ని గుర్తింపు ఉన్న ల్యాబుకే పంపాలి. టీకా పనిచేసిందని చూపే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 యూనిట్లకి తగ్గకూడదు. ఆపైన మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలు రక్తం తీసిన రోజు నుంచి లెక్క, రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. అల్లుడుగారు రిపోర్టు నుంచి లెక్కేసుకుని టికెట్లు తర్వాతి తేదీకి జరిపారు. పెంపుడు జంతువులను పంపించే ఏజెంటు పక్కనే కూర్చుని తలూపాడు. టికెట్లు మార్చినందుకు చార్జీ కూడా అతనే తీసుకున్నాడు లెండి.

బ్రిటన్‌కి విమానంలో కుక్కను ఒళ్లో పెట్టుకుని దిగడం కుదరదు. కార్గోగానే దిగాలి. కార్గో అన్నాక పన్ను. అది తప్పించుకోవాలంటే మేం ఇల్లు మారుతున్నాం మహాప్రభో అని అక్కడి పన్నుల శాఖకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ జాబితాలో వరసగా వాషింగ్ మెషిను, వెట్ గ్రైండరు, కుక్కరు, పండు. గ్రైండరు పండు కన్నా పైన ఉండాలని అత్తగారు పట్టుబట్టారు.

ఇక పెట్టె.

విమానంలో జంతువుల పెట్టెకి ఐయాటా, అంటే అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం వాళ్ల సూత్రం ఒకటుంది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఏ. నేల నుంచి మోచేయి దాకా బి. భుజాల వెడల్పు సి. నిలబడ్డప్పుడు నేల నుంచి తల పైకి గానీ, చెవి కొసకి గానీ, ఏది ఎత్తయితే అది డి. పెట్టె లోపలి పొడవు ఏ ప్లస్ బిలో సగం, వెడల్పు సికి రెట్టింపు, ఎత్తు డి ప్లస్ కింద పరిచే పరుపు మందం. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఇంకో పది శాతం పెంచాలి. అసలు వాటిని ఎక్కించుకోం అనే విమాన సంస్థలు చాలానే ఉన్నాయి.

మామగారు రిటైర్డ్ ఇంజినీరు. టైలరు టేపు తెచ్చి కొలతలు తీశారు. ఏ 80, బి 30, సి 22. డి దగ్గరికొచ్చేసరికి, టేపు చూసి ఇది ఏ డాక్టరుగారి పన్నాగమో అనుకుని పండు చెవులు వెనక్కి మడిచేశాడు. తల పైదాకా 58 వచ్చింది. అమ్మాయికి అనుమానం వచ్చి ఏజెంటుకి వాట్సాప్ చేసింది. "తల వరకు చాలు మేడమ్, అంతా ఓకే" అని జవాబు. వెనకాలే రెండు దణ్ణాల బొమ్మలు.

మామగారికి ఆ 58 నచ్చడానికి ఇంకో కారణం ఉంది. కార్గోలో అసలు బరువు కన్నా పెట్టె పరిమాణం ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేన్ని కిలోలు. పెట్టె బయటి కొలతలు 98, 47, 64. అంటే 18 కిలోల పండుకి 49 కిలోల బిల్లు. ఎత్తు ఇంకో ఎనిమిది పెంచితే 55 దాటుతుంది. ఆరు కిలోలు మిగిల్చానని ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర మూడు పూటలా చెప్పారు.

వడ్రంగి మాత్రం ప్లైవుడ్‌తో పనితనం చూపించాడు. మామూలు చెక్క వాడితే పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి, ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు. నాలుగు వైపులా గాలి రంధ్రాలు, తలుపుకి బయట నుంచి నీళ్లు పోసే గిన్నె, బిగింపులన్నీ ఇనుప నట్లు బోల్టులు. ముందు రోజు రాత్రి ఆ గిన్నెలో నీళ్లు గడ్డకట్టించారు, దారిలో ఒలక్కుండా మెల్లగా కరుగుతాయని. మందుల షాపతను నిద్రమాత్ర సగం వేయమన్నాడు గానీ, అదొక్కటి చెయ్యకూడదు. మత్తులో ఉన్న జంతువుని ఎక్కించుకోరు, ఆ ఎత్తులో ఊపిరికే ప్రమాదం.

కార్గో కౌంటరు. రాత్రి పదకొండు. స్కానరు పెట్టగానే చిప్ పదిహేను అంకెలూ పలికింది. కాగితాలన్నీ సరిపోయాయి. పండుని పెట్టెలో నిలబెట్టారు. అప్పుడే వెనకాల ఫోర్క్‌లిఫ్ట్ కుయ్ కుయ్‌మంటూ రివర్సు తీసుకుంది. పండు చెవులు రెండూ లేచి పైచెక్కని తాకాయి.

"చెవులు తగులుతున్నాయి సార్" అన్నాడు కౌంటరు కుర్రాడు.

"మెత్తటి చెవులు బాబూ, వంగుతాయి" అన్నారు మామగారు.

"రూలు వంగదు సార్."

కుర్రాడు టేపు తీశాడు. చెవి కొస దాకా 66, పరుపు 2, మొత్తం 68 కావాలి. పెట్టె లోపలి ఎత్తు 60. మామగారు ఆ టేపుని అనుమానంగా చూసి జేబులోంచి తన టేపు తీశారు. దాంట్లోనూ 66.

కుక్క చెవులు కిందికి దిగాలంటే దానికి భయమైనా వెయ్యాలి, ప్రేమైనా పుట్టాలి. భయపెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు, ప్రేమే మిగిలింది. నడిరాత్రి కార్గో షెడ్డులో, ద్రాక్ష పెట్టెల మధ్య, రిటైర్డ్ సూపరింటెండింగ్ ఇంజినీరు మోకాళ్ల మీద కూర్చుని "నా బంగారు కొండ, నా వరాల మూట" అంటున్నారు. సొంత అల్లుడితో కూడా ఆయన ఎప్పుడూ అలా మాట్లాడలేదు. అల్లుడుగారి మొహంలో అది కనిపించింది. చెవులు ఒక సెంటీమీటరు దిగాయి. "చూశావా, చూశావా!" అన్నారు మామగారు. ఆ కేకకి మళ్లీ లేచాయి.

అమ్మాయి తట్టుకోలేక ఇంటికి వీడియో కాల్ చేసింది. అత్తగారి మొహం కనిపించగానే, "పండూ, నా తండ్రీ, అన్నం తిన్నావా" అనగానే చెవులు రెండూ వెనక్కి వాలి మెడకి అతుక్కుపోయాయి. "ఇప్పుడు కొలవండి సార్, ఇప్పుడు!" అని అల్లుడుగారు అరిచారు. కుర్రాడు పాపం మంచివాడే, వంగి టేపు పెట్టాడు. సరిగ్గా అప్పుడు అటువైపు వంటింట్లో కుక్కరు విజిలేసింది.

"అత్తయ్యా, ఈ టైములో కుక్కరేంటి?"

"రేపు మీకు దారిలోకి పులిహోర వద్దా నాయనా!"

చెవులు మళ్లీ 66. తిప్పి పంపిన కాగితం మీద కారణం అనే గడిలో కుర్రాడు ఒకే ముక్క రాశాడు, చెవులు. ఏజెంటుకి ఫోన్ చేస్తే, "చెవులు నిలబడే కుక్క అని ముందే చెప్పాలి కదా సార్" అన్నాడు. పాస్‌పోర్టు సైజు ఫోటో కూడా అడిగి తీసుకున్న మనిషి!

ఇంతకీ అసలు చిక్కు గడియారంతో. పశువైద్యుడు సంతకం పెట్టిన ఆరోగ్య పత్రం పదిరోజులే పనిచేస్తుంది. యజమాని ప్రయాణానికి అటూ ఇటూ ఐదు రోజుల్లోనే కుక్క కూడా చేరాలి, లేదంటే వ్యాపార సరుకు కింద లెక్క. బద్దెపురుగు మాత్ర వేశాక కనీసం 24 గంటలు గడవాలి, 120 గంటలు దాటకముందే లండన్‌లో దిగాలి. దాటితే మళ్లీ మాత్ర, మళ్లీ సంతకం. ఆ వేళప్పుడే వడ్రంగిని నిద్రలేపి 72 సెంటీమీటర్ల పెట్టె కావాలన్నారు.

"తప్పకుండా సార్, ఎల్లుండి ఇచ్చేస్తా" అన్నాడు వడ్రంగి. మొదటి పెట్టెకి కూడా అతను ఎల్లుండే అన్నాడు. అది పద్దెనిమిది రోజులకి వచ్చింది.