నచ్చడం తెలిస్తే గుస్తార్ వచ్చినట్టే

అమెరికాలో మన పిల్లలు చాలామంది స్కూల్లో స్పానిష్ తీసుకుంటారు. మొదటి ఏడాదిలోనే వాళ్లని టెన్షన్ పెట్టే క్రియ గుస్తార్. ఇంగ్లీషులో దానికి ‘లైక్’ అని అర్థం చెబుతారు. ‘నేను’ అనడానికి ‘యో’ ఉంది కాబట్టి పిల్లలు ‘యో గుస్తో ఎల్ కఫే’ అని రాసేస్తారు. అది తప్పు, ‘మే గుస్తా ఎల్ కఫే’ అనాలి. ఎందుకని అడిగితే, కాఫీ నిన్ను సంతోషపెడుతోంది అనుకుని వాక్యం తిప్పి చూడమంటారు.

తెలుగు వచ్చిన పిల్లలకి ఈ తిప్పలు అక్కర్లేదు. ‘మే’ అంటే ‘నాకు’. ఇక మిగతాది వాళ్ల నోట్లో ఉన్నదే. ‘మే గుస్తా ఎల్ లిబ్రో’, నాకు పుస్తకం నచ్చుతుంది. ‘మే గుస్తాన్ లోస్ లిబ్రోస్’, నాకు పుస్తకాలు నచ్చుతాయి. ఎవరికి నచ్చిందన్నదాన్ని బట్టి కాకుండా, ఏది నచ్చిందన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. మనుషుల విషయంలోనూ అంతే. ‘మే గుస్తాస్’ అంటే నువ్వు నాకు నచ్చావు, ‘తే గుస్తో?’ అంటే నేను నీకు నచ్చానా? రెండు భాషల్లోనూ ఈ మాటలో ప్రేమ ధ్వనిస్తుంది. ఫ్రెండ్ గురించి మామూలుగా చెప్పాలంటే ‘మే కాయే బియెన్’ అంటారు. టీనేజ్ పిల్లలకి ఈ తేడా ముందే చెప్పడం మంచిది.

ఇలా నడిచే క్రియలు ఇంకా ఉన్నాయి. ‘మే పరేసే’, నాకు అనిపిస్తోంది. ‘మే దుయెలే లా కబేసా’, నాకు తల నొప్పెడుతోంది. ‘మే ఎంకాంతా’, నాకు చాలా ఇష్టం. ఈ చివరిదాంట్లోనే ‘చాలా’ ఉంది, పక్కన మళ్లీ ‘ముచో’ చేర్చకూడదు.

అన్నీ ఇలాగే కలిసిరావు. మనకి ఆకలి వేస్తుంది, స్పానిష్‌వాళ్లకి ఆకలి ఉంటుంది. అక్కడ ‘మే’ రాదు, ఇంగ్లీషులో ‘ఐ హ్యావ్ హంగర్’ అన్నట్టు ‘తెంగో ఆంబ్రే’ అంటారు. ‘నోస్ గుస్తా’ అంటే మాకు నచ్చుతుందా, మనకి నచ్చుతుందా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. పాడటం, డాన్స్ చేయడం రెండూ ఇష్టమైనా ‘మే గుస్తా కాంతార్ ఇ బైలార్’ అని ఏకవచనమే వాడాలి.

నా బాధ వేరే ఉంది. మన ఇళ్లల్లో ‘నాకు నచ్చింది’ తగ్గిపోయి ‘నేను లైక్ చేశా’ పెరుగుతోంది. పెద్దవాళ్లమే అలా అంటుంటే పిల్లలు ఇంకేం అంటారు? ‘నాకు నచ్చింది’ అన్న వాక్యం చెవిన పడకుండా పెరిగిన పిల్లలకి నేను పైన చెప్పిందేదీ పనికిరాదు. స్పానిష్ మొదలుపెట్టారు, ఇక తెలుగు కూడా ఎందుకు, గందరగోళపడతారు అనే తల్లిదండ్రులున్నారు. వాళ్లతో నేను ఏమాత్రం ఏకీభవించను. వారాంతపు తెలుగు క్లాసులు నడిపేవాళ్లు ఒక గంట దీనికి కేటాయించాలి. నచ్చాను, నచ్చావు, నచ్చింది, నచ్చాయి అని బోర్డు మీద రాసి, వాటి పక్కన గుస్తార్ రూపాలు పిల్లల చేతే రాయించండి.