ఏసీ గదిలో కన్వేయరు బెల్టు

రాయగడ చుట్టుపక్కల ఉన్న కర్మాగారాలలో ఒకదానిలో ఈ మధ్య 'పనిచోట క్రమబద్ధ శిక్షణ' అనే యజ్ఞం ఆరంభమైంది. (పేరు అడగవద్దు, మా మేనల్లుడు ఇంకా అక్కడే జీతం తీసుకోవాలి.) పనిచోట అన్నారు గనుక యంత్రం దగ్గరే కాబోలునని మావాడు పాత చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. అంతటి అమాయకుణ్ణి ఉద్యోగంలోకి ఎలా తీసుకున్నారో నాకు ఇప్పటికీ బోధపడదు. శిక్షణ జరిగింది ఏసీ హాల్లో. బొగ్గు మోసే కన్వేయరు బెల్టు అక్కడికి రెండు ఫర్లాంగుల అవతల, తన మీద ఇంత చర్చ నడుస్తోందని తెలియక, తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

ముందుగా జ్యోతి వెలిగించారు. ఏసీ గాలికి అది మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి ఏసీ కట్టేద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు గనుక, వెలిగినట్లే భావించి చప్పట్లు కొట్టారు. భువనేశ్వర్ నుంచి వచ్చిన కన్సల్టెంటుగారు అరవై నాలుగు స్లైడ్లు ఇంగ్లీషులో చదివారు, ఆఫీసరుగారు వాటిని ఒడియాలోకి దించారు, పక్క కుర్చీ ఆయన మావాడి కోసం తెలుగు చేశాడు. అలా 'రిస్క్ అసెస్‌మెంట్' అని బయలుదేరిన మాట ఒడియాలో 'సావధాన' అయి, మావాడి చెవిలో పడేసరికి 'సమోసాలొస్తన్నాయి బావూ' అయింది. అక్కడి గిరిజనుల భాష కువిలోకి అనువదించే శ్రమ మాత్రం ఎవరికీ పడలేదు. ఆ భాష మాట్లాడే కుర్రాళ్ళు కాంట్రాక్టు మనుషులు, వాళ్ళను హాల్లోకి పిలవలేదు.

ఆ తరువాత సంతకాల ఘట్టం. పద్నాలుగు రోజుల శిక్షణకు పద్నాలుగు గడులు ఉన్న కాగితం మీద, మొదటి రోజు పదకొండు గంటలకే, ఒకే నీలం పెన్నుతో అందరూ పద్నాలుగు సంతకాలూ చేసేశారు. పన్నెండో రోజున తాను ఏమి నేర్చుకోబోతున్నాడో, అందులో ఎంత నిష్ణాతుడు కాబోతున్నాడో మావాడు భోజనానికి ముందే ధ్రువీకరించాడు. మా ఊరి సిద్ధాంతిగారు కూడా ఇంత ధైర్యంగా చెప్పరు.

1940లలో, యుద్ధకాలపు అమెరికాలో, పనివాళ్ళు సైన్యంలోకి పోయి కొత్తవాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వచ్చినప్పుడు, నేర్పే పద్ధతిని నాలుగు మెట్లుగా కుదించి జేబులో పట్టే కార్డు మీద అచ్చు వేశారు: మనిషిని సిద్ధం చేయి, చేసి చూపుతూ చెప్పు, అతని చేత చేయించి అతని నోటనే చెప్పించు, ఆపైన కనిపెట్టి ఉండు. ప్రతి పనినీ ముందుగా విడదీసి, ఏ అడుగులో కీలకం ఏమిటో, అది ఎందుకో రాసుకోమన్నారు. యుద్ధం ముగిశాక జపాను వాళ్ళు దానిని అందిపుచ్చుకున్నారు. మన శిక్షణ ఫైలు జేబులో పట్టదు, దానిని ఎత్తడానికి ఇద్దరు కావాలి.

ఆ ఫైలు ముప్పై ఒకటో పేజీలో, 'రిసోర్స్ పర్సన్' అన్న బిరుదు కింద, ఒక ముసలి బెల్టు ఆపరేటరు ఉన్నాడు. చప్పుడు విని, ఏ రోలరు బేరింగు రేపో మాపో పోతుందో చెప్పగల మనిషి. కుర్రాళ్ళకు నేర్పడానికి రోజుకు రెండు గంటలు ఇతనికి షిఫ్టు నుంచి వెసులుబాటు ఇమ్మంటే, ప్రొడక్షన్ పడిపోతే ఎవరు జవాబు చెబుతారని కసిరారు. ఈ నెలాఖరుకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు.

మరి బెల్టు కింద బొగ్గుగడ్డ ఇరుక్కున్నప్పుడు ఇనుపకడ్డీ పట్టుకుని వంగేది ఎవరు? హాల్లోకి పిలవని ఆ కువి కుర్రాడే. బెల్టు పొడుగునా ఉన్న ఆ తాడు లాగితే ఆగుతుందని వాడికి ఎవడు చెప్పాడు? ఏ భాషలో చెప్పాడు? కార్మికుల భద్రతకు కావలసిన బోధన, శిక్షణ, పర్యవేక్షణ యజమాని బాధ్యతేనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే చేర్చారు కదా! ఆ చెయ్యి బెల్టులో పడితే మీ అరవై నాలుగు స్లైడ్లలో ఏది అడ్డుపడుతుందయ్యా? సిగ్గులేదా?

మావాడు నిజంగా నేర్చుకున్నది టీ వేళలో, బెల్టు పక్కన, ఆ ముసలాయన దగ్గర. ఆయన తాడు లాగి చూపించాడు, స్విచ్చికి తాళం వేసి చూపించాడు, ఆపైన వీడి చేత చేయించి అడిగాడట: "తాడు లాగితే ఆగిపోనాది గదా, మళ్ళీ తాళం ఎందుకు, సెప్పు బావూ?"

"ఆ చివర ఎవడో తెలీక నొక్కేస్తాడు బాబాయ్."

కువి కుర్రాళ్ళు ఇద్దరు పక్కనే నిలబడి చూశారు, వాళ్ళ చేత కూడా తాడు లాగించాడు. టీ విరామం పావుగంట మీరినందుకు మరునాడు ముసలాయనకూ మావాడికీ మెమోలు వచ్చాయి. అదే నీలం పెన్నుతో వాటి మీదా సంతకాలు తీసుకున్నారు.