సీలు విప్పినవాడు రసికుడు కాడు

పాత హిప్‌హాప్ (లయగా మాటలు చెప్పే ర్యాప్ సంగీతం) సింగిల్ క్యాసెట్లు మళ్లీ వెలుగులోకి వస్తున్నాయి. అమెరికాలో గ్యారేజీల్లో, చెప్పుల డబ్బాల్లో ముప్ఫై ఏళ్లుగా పడున్న ఈ టేపులను కొందరు పెద్దమనుషులు వెతికి పట్టుకుని, ధర కట్టి, అద్దాల బీరువాల్లో పెడుతున్నారు. హర్షించదగ్గ విషయమే. కానీ ఈ మధ్య కొందరు కుర్రాళ్లు వాటిని కొని, పైనున్న సీలు, అంటే ప్లాస్టిక్ కాగితం, చింపేసి, ఏకంగా వింటున్నారట! ఈ దురలవాటును మొదట్లోనే అరికట్టాలి.

సింగిల్ అంటే ఒకే పాట. సైడ్ ఎ వేస్తే ఆ పాట. తిప్పి వేస్తే చాలాసార్లు మళ్లీ ఆ పాటే. మహా అయితే రేడియో కోసం బూతులు కత్తిరించినది ఒకటి, మాటలు తీసేసి ఉత్త సంగీతం మిగిల్చినది ఇంకొకటి అదనం. ప్లాస్టిక్ డబ్బా కూడా దండగని చాలావాటికి అట్టతొడుగే వేశారు. పిల్లల జేబుఖర్చుకు అందాలని చేసిన చౌక సరుకు అది. ఆ పిల్లలకు విలువ తెలియదు కాబట్టి విన్నారు. జేబులో కుక్కారు, కారులో ఎండకు వదిలేశారు, రీలు చిక్కుపడితే పెన్సిల్ దూర్చి తిప్పారు. ఈ విషయంలో మనవాళ్లూ తక్కువేం కాదు. పాటల లిస్టు రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చి, క్యాసెట్ చేతికొచ్చాక అది అరిగేదాకా విన్న జాతి మనది.

అసలు పాపమంతా ఆ ఉత్త సంగీతంతోనే వచ్చింది. పిల్లలు దాన్ని పెట్టుకుని, పైన తమ సొంత మాటలు పాడటం మొదలుపెట్టారు. ఇంకొందరు ఘనులు రెండు డెక్కుల టేప్ రికార్డర్ ముందు కూర్చుని, నచ్చిన రెండు సెకన్ల డ్రమ్ముల ముక్కను రికార్డు చేసి, పాజ్ నొక్కి, వెనక్కి తిప్పి, మళ్లీ అదే ముక్కను దాని పక్కన అతికించి, ఇలా గంటల తరబడి కష్టపడి ఒక కొత్త బాణీ కట్టేవారు. వీటికి పాజ్ టేపులని పేరు కూడా పెట్టారు. స్టూడియో లేదు, డబ్బు లేదు, ఒక్క బొత్తాం మాత్రం ఉంది. వీళ్లలో కొందరు తర్వాత పెద్ద సంగీత దర్శకులయ్యారంటే, అప్పట్లో క్యాసెట్ల మీద నిఘా ఎంత బలహీనంగా ఉండేదో అర్థమవుతుంది.

చరిత్ర తిరగేసినా ఇదే తీరు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో, డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో పాటలు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజు అదే అంటారు. ర్యాప్ పాట రికార్డు రూపంలో వచ్చి హిట్టయింది 1979లో. నడుమ ఆరేళ్లు ఈ సంగీతం దేనిమీద బతికింది? పార్టీల్లో రికార్డు చేసిన టేపుల మీద. కాపీ, దానికో కాపీ, ఆ కాపీకి మరో కాపీ. ఒక్కదానికీ సీలు లేదు. ఇలాంటి నేపథ్యమున్న కళను పరువుగల బీరువాలోకి తేవడానికి మన పెద్దమనుషులు ఎంత శ్రమపడ్డారో ఊహించండి.

కోర్టులు కొంత సాయపడ్డాయి. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ పాత పాటలోంచి ముక్క వాడుకున్నాడని దావా పడితే, న్యూయార్క్‌లో జడ్జిగారు దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టారు. 1993లో ఆ ర్యాపర్ తర్వాతి ఆల్బమ్‌కు 'ఆల్ శాంపిల్స్ క్లియర్డ్!', అంటే వాడిన ముక్కలన్నిటికీ అనుమతి ఉంది, అని పేరు పెట్టుకున్నాడు. బుద్ధి వచ్చిందో, వెటకారం ముదిరిందో మీరే తేల్చుకోండి.

డి లా సోల్ అనే హిప్‌హాప్ బృందం సంగతి ఇంకా ముచ్చటైనది. వాళ్లు వాడిన ముక్కలకు పాతకాలంలో రాసుకున్న అనుమతి పత్రాల్లో ఇంటర్నెట్ ఊసే లేదు. దాంతో 1989 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్ 2023 మార్చి దాకా ఫోన్లలో పాటలు వినే స్ట్రీమింగ్ యాప్‌లలోకి రాలేదు. అన్నేళ్లూ ఆ పాటలు కులాసాగా విన్నది ఎవరు? అరిగిన టేపులున్న నిర్లక్ష్యపు మనుషులు. సీలున్న టేపును భక్తితో కాపాడుకున్న పెద్దాయన మాత్రం, పాట చేతిలోనే ఉన్నా, 2023 దాకా ఓపిక పట్టి ఫోన్లో విన్నాడు. నిష్ఠ అంటే అదీ!

గిట్టనివాళ్లు సాంకేతిక అభ్యంతరాలు తెస్తారు. ఏళ్ల తరబడి కదలకుండా చుట్టి ఉంటే, టేపు ఒక పొరలోని అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుతుందట. అప్పుడు పాట మొదలవకముందే ఆ పాటే సన్నగా, దూరంగా వినిపిస్తుంది. అంటే టేపు తనలో తాను పాడుకుంటోందన్నమాట. మధ్యలో మనం వినడం మర్యాదేనా?

ఇంకొకటి. క్యాసెట్ లోపల టేపును, ప్లేయర్‌లో పాటను చదివే హెడ్డుకు అదిమిపట్టే చిన్న గుడ్డముక్క ఉంటుంది. కాలం గడిచేకొద్దీ జిగురు ఎండి అది ఊడిపోవడం మామూలే. ఊడితే పాట సరిగా పలకదు. ఊడిందో లేదో తెలియాలంటే సీలు విప్పాలి. విప్పితే ధర పడిపోతుంది. కాబట్టి లోపల పాట క్షేమంగా ఉందనే నమ్ముదాం. నమ్మనివాళ్లకు అమ్మొద్దు.