ఒంటరి ఆవును చూడి కట్టించడం అంత తేలిక కాదు

"ఇంటికో ఆవు, జీవితాంతం పాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపిన స్నేహితుల్లో ఇద్దరు దాన్ని నమ్మి ఆవును కొనబోతున్నారు కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నాను. పాలు కావాలంటే ఆవు ఈనాలి, ఈనాలంటే చూడి కట్టాలి; దాని గురించి ఆ మెసేజ్‌లో ఉన్న మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"ఎదకొస్తే (చూడి కట్టే అదనుకు వస్తే) ఆవే అరిచి చెబుతుంది" అట. అన్నీ అరవవు, మూగఎదకు వచ్చేవీ ఉంటాయి. మందలో అయితే పక్క ఆవు మీదెక్కినప్పుడు ఇది కదలకుండా నిలబడటం చూసి పోల్చుకోవచ్చు, మరి ఒంటరి ఆవు మీదికి ఎవరు ఎక్కుతారు? తోక కింద గాజులాంటి జిగురు తీగలు, ఉన్నట్టుండి పాలు తగ్గడం, మాటిమాటికీ మూత్రం పోయడం, ఇవే మనకు దొరికే గుర్తులు. అవీ 12 నుంచి 18 గంటల్లో అయిపోతాయి. రాత్రిపూట వచ్చిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఎద ముగిసిన రెండు మూడు రోజులకు తోకకు కాస్త నెత్తురు అంటుకుని కనిపిస్తే పరుగెత్తి సూది (చూడి కట్టడానికి డాక్టరు వేసే ఆబోతు వీర్యం) వేయించకండి, అప్పటికే అదను దాటిపోయింది. ఆ తేదీ రాసిపెట్టుకుని 16వ రోజు నుంచి కనిపెట్టుకుని ఉండండి.

"పొద్దున సూది వేయిస్తే పెయ్య, సాయంత్రమైతే కోడెదూడ." కాదు. దీనికి ఇంతకుమించి జవాబు అక్కర్లేదు.

"ఎంత పెద్ద జాతి వీర్యం వేయిస్తే మీ ఆవు అన్ని పాలిస్తుంది." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆబోతు గుణం వచ్చేది పుట్టే దూడకు, తల్లికి కాదు. ఆ పెయ్య పెరిగి, చూడి కట్టి, ఈనితే కదా ఆ పాలు కనిపించేది, అంటే రెండేళ్ల పైమాటే! ఈలోగా తల్లి బతకాలి. పెద్ద జాతి హోల్‌స్టీన్ దూడ దాదాపు 40 కిలోలు పుడుతుంది, చిన్న జాతి జెర్సీ దూడ 25 కిలోలు. చిన్నపాటి తొలిచూలు పెయ్యకు ఆ తేడా ప్రాణాంతకం కావచ్చు. మా మొదటి పెయ్యకు ఇలాంటి మాట విని నేనే పెద్ద జాతి వీర్యం వేయించాను. ఉమ్మనీరు పోయి రెండు గంటలైనా రెండు గిట్టలు, ఉబ్బి నల్లబడిన నాలుక తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. డాక్టరు వచ్చి తాళ్లు కట్టి లాగారు. దూడ చచ్చి పుట్టింది. తల్లి వెనక కాళ్లు పట్టు తప్పి ఐదు రోజులు లేవలేదు, నేను పూటకు రెండుసార్లు పక్క మార్చి పడుకోబెట్టాను. పెయ్య వయసు కాదు, బరువు చూడండి: ఆ జాతిలో పూర్తిగా ఎదిగిన ఆవు బరువులో 60–65 శాతానికి వచ్చాకే, అదీ దూడలు చిన్నగా పుట్టే ఆబోతు వీర్యమే అడిగి వేయించండి.

"ఒకసారి నిలవకపోతే గొడ్డుది, అమ్మేయండి." ఆరోగ్యంగా ఉన్న ఆవుకు కూడా మొదటిసారే చూడి నిలవకపోవడం మామూలు. మూడుసార్లు తిరిగి పొర్లితే, అంటే సూది వేయించినా మళ్లీ ఎదకొస్తే, అప్పుడు డాక్టరుకు చూపించండి.

"ఏటా ఈనించాల్సిన పనిలేదు" అన్న మాట చదివి మొదట దీన్నీ కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ అది నిజం. ఇంటి అవసరానికి మాత్రమే పితుక్కునేవాళ్లకు ఏడాదికో దూడ లెక్క అక్కర్లేదు, బాగా పాలిచ్చే ఆవు ఒక ఈతకు ఏడాదిన్నర దాకా ఇస్తుంది. ఈనించే టెన్షన్ కూడా అంతమేరకు తగ్గుతుంది. కాకపోతే మళ్లీ ఈనే ముందు రెండు నెలలు పాలు ఆపేయాలి, ఆ రెండు నెలలు ఇంట్లో పాలుండవు.

కొనబోతున్న ఆ ఇద్దరికీ ఒక్క మాట. తొలిచూలు పెయ్యను తీసుకోకండి, రెండు ఈతలు తేలిగ్గా ఈనిన ఆవును చూడండి. చూడిదని చెబితే సూది వేయించిన తేదీ అడగండి, డాక్టరుతో చెయ్యి పెట్టి చూపించాకే డబ్బులివ్వండి.