ఓటమితో తీరే బాకీ కాదు

‘ప్రజలు ఓడించారు కదా, ఇంకేం శిక్ష కావాలి?’ అనే మాట మన రాజకీయాల్లో ఒక వాదనగా స్థిరపడిపోతోంది. పదవిలో ఉండగా తీసుకున్న నిర్ణయాలపై విచారణ అన్న మాట వినిపించగానే నేతల అనుచరులు ముందుకు తెచ్చేది ఇదే. దీనికి తోబుట్టువు లాంటి మాట ఇంకొకటి ఉంది: ‘ఎన్ని ఆరోపణలు చేసినా జనం గెలిపించారు, ప్రజాకోర్టులో నిర్దోషులుగా తేలాం.’ రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. ఎన్నికల ఫలితాన్ని తీసుకెళ్లి న్యాయస్థానం తీర్పు స్థానంలో కూర్చోబెట్టే ఈ అలవాటును ఇప్పుడే నిలదీయకపోతే, రేపు ఈ రాష్ట్రాన్ని ఏలబోయే ప్రతివారికీ మనమే ముందుగా హామీపత్రం రాసిచ్చినట్టవుతుంది. అధికారంలో ఏం చేసినా ఆఖరుకు జరిగేది ఐదేళ్లు ప్రతిపక్షంలో కూర్చోవడమేనన్నది ఆ హామీ.

మేడిగడ్డ సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2023 అక్టోబరు 21 సాయంత్రం మహాదేవపూర్ మండలంలో, కాళేశ్వరం ఎత్తిపోతల పథకం కింద గోదావరిపై కట్టిన ఆ బరాజ్ ఏడో బ్లాకు కుంగింది. వంతెన పిట్టగోడ తిన్నగా సాగిపోవలసిన చోట పల్లంలోకి దిగి, మళ్లీ పైకి లేచిన ఆ ఫొటో ఉత్తర తెలంగాణలో చూడని ఇల్లు లేదు. 19, 20, 21 పియర్ల (స్తంభాల) పేర్లు ఊళ్లలో పిల్లలకు కూడా తెలిశాయి. ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రత సంస్థ ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే చెప్పింది. కేంద్ర జల సంఘానికి 81,911 కోట్ల రూపాయలని చెప్పిన ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటుతుందని 2024 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక లెక్కగట్టింది. సరిగ్గా ఆ మధ్యలోనే, డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. ఆ మార్పుతోనే లెక్క సరిపోయిందని ఇప్పుడు మనల్ని నమ్మమంటున్నారు.

కాళేశ్వరం అంటే మేడిగడ్డ ఒక్కటే కాదని, ఒక బ్లాకులో వచ్చిన లోపాన్ని చూపించి మొత్తం పథకాన్నే నేరంగా చిత్రిస్తున్నారని, ఇదంతా రాజకీయ కక్షసాధింపని బీఆర్‌ఎస్ అంటోంది. కక్షసాధింపు ఈ దేశంలో ఎన్నడూ జరగనిదేమీ కాదు కనుక ఆ మాట వినదగినదే. కానీ అది నిజమో కాదో తేల్చవలసింది సాక్ష్యాలను పరిశీలించే న్యాయమూర్తి. ఓట్ల లెక్కింపు కేంద్రం ఆ పని చేయలేదు. గెలిచినవారి ప్రకటనలూ ఓడినవారి ప్రకటనలూ అసలే చేయలేవు.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఇంకొకటి ఉంది. 2016 మార్చి 31న శాసనసభలో తెర మీద పటాలు చూపిస్తూ, గోదావరి నీళ్లు ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఎత్తిపోయాలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా వివరించారు. అప్పటి గవర్నర్ నరసింహన్ ఆయనను ‘కాళేశ్వరం చంద్రశేఖర్ రావు’ అని పిలిస్తే పార్టీ అంతా పొంగిపోయింది. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం నాటికి ఆ పథకం ఒక మనిషి సంకల్పంగా ఊరూరా ప్రచారమైంది. 2025 జూన్‌లో విచారణ కమిషన్ పిలిపించేసరికి మాజీ పాలకుల నుంచి వినిపించిన సారం వేరు: నిర్ణయం మంత్రివర్గానిది, స్థలం ఎంపిక, డిజైన్ ఇంజినీర్లవి. ఘనత ఒక్కరిదైనప్పుడు బాధ్యత ఇంతమందికి ఎట్లా పంచుతారు? అదే ఏడాది ఆదాయానికి మించిన ఆస్తుల కేసుల్లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) అరెస్టు చేసిన నీటిపారుదల శాఖ పెద్ద ఇంజినీర్లు విచారణను ఎదుర్కోవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఇంజినీరు బల్ల దగ్గరికి చేరిన చట్టం అక్కడే ఆగిపోతే, రేపు ఏ ఇంజినీరూ తప్పుడు ఆదేశానికి కాదని చెప్పే ధైర్యం చేయడు. చెప్పినవాడికి బదిలీ, చెప్పనివాడికి జైలు, చెప్పించినవాడికి ఎన్నికల్లో ఓటమి. ఇదా మనం నిలబెట్టదలచిన సంప్రదాయం?

మా జిల్లా పేజీల్లో నెలకు కొన్నిసార్లయినా ఒకే రకం ఫొటో వస్తుంది. ఒక తహసీల్దారు కార్యాలయం, ఒక బల్ల, దాని మీద రసాయనం పూసిన నోట్లు, పక్కనే గాజు గ్లాసులో గులాబీ రంగుకు తిరిగిన నీళ్లు, వాటిలో వేళ్లు ముంచిన ఓ చిన్న ఉద్యోగి వంచిన తల. అతడు 48 గంటలు కస్టడీలో ఉంటే చాలు, సస్పెండయినట్టే. ఆ శిక్షను మేము తప్పుపట్టడం లేదు. కానీ చట్టం ఎవరికి ఏ తలుపు తెరిచిందో చూడండి. 2018 జులైలో అవినీతి నిరోధక చట్టంలో చేర్చిన 17ఏ సెక్షన్ ప్రకారం, పదవీ బాధ్యతల్లో భాగంగా తీసుకున్న నిర్ణయంపై దర్యాప్తు మొదలుపెట్టాలంటేనే పోలీసులకు ముందస్తు అనుమతి కావాలి. చేతిలో లంచం పెడుతుండగా అక్కడికక్కడే పట్టుకుంటే మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. అంటే, పట్టా కాగితం కోసం వేలల్లో లంచం తీసుకునేవారికి రక్షణ లేదు, వేల కోట్ల ఫైలుపై నిర్ణయం తీసుకునేవారికి ఉంది. ఆ సెక్షన్ ఎప్పటి నేరాలకు వర్తిస్తుందన్న విషయంలోనే 2024 జనవరి 16న చంద్రబాబు నాయుడు కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు చెరొక తీర్పు చెప్పారు. ఊరి సర్పంచి సంగతి ఇంకా తేలిక. నిధుల దుర్వినియోగం తేలితే ఆయనను తొలగించే అధికారం 2018 పంచాయతీరాజ్ చట్టం కలెక్టరు చేతిలో పెట్టింది. ‘ఊరివాళ్లు గెలిపించారు’ అన్న జవాబును ఏ కలెక్టరూ సర్పంచి దగ్గర ఒప్పుకోడు. సర్పంచి దగ్గర చెల్లని మాట సచివాలయంలో ఎట్లా చెల్లుతుంది?

తెలుగు నేలపై ఇది ఎప్పుడూ ఇట్లాగే ఉండలేదు. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ రాజకీయ ద్వేషంతో జరిగిందన్న ఆరోపణను ప్రమాణపత్రం వేసి ఖండించలేదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించినందుకే 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతులను హైకోర్టు కొట్టివేసిన తర్వాత 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి దిగిపోయారు. వారిద్దరినీ మహాత్ములుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. వారి వెనుక పార్టీ అధిష్ఠానం లెక్కలు ఏమున్నాయో వారికే తెలియాలి. అయినా కోర్టు వేలు చూపితే కుర్చీలో కూర్చోవడం కుదరదన్న కనీస మర్యాద ఒకటి అప్పట్లో ఉండేది. ఎన్నికలు వచ్చేదాకా ఆగండి, ప్రజలే తేలుస్తారని వారు అనలేదు.

మన ప్రాంతం అనుభవమే తీసుకుందాం. తెలంగాణ తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రిగా, వైద్యారోగ్య శాఖ మంత్రిగా ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే తాటికొండ రాజయ్యను ఆ శాఖలో అవినీతి ఆరోపణల నడుమ 2015 జనవరి 25న బర్తరఫ్ చేశారు. 2018లో అదే పార్టీ ఆయనకు మళ్లీ టికెట్ ఇచ్చింది, ఆయన గెలిచారు. ఆరోపణ నిజమైతే టికెట్ ఎందుకిచ్చారు, అబద్ధమైతే పదవి ఎందుకు తీశారు అన్న ప్రశ్నకు వరంగల్ ప్రజలకు నేటికీ జవాబు లేదు. హుజూరాబాద్ ఎమ్మెల్యేగా అదే శాఖ చూసిన ఈటల రాజేందర్‌ను 2021 మే నెలలో మెదక్ జిల్లా భూముల ఆరోపణ వచ్చిన రెండు రోజులకే మంత్రివర్గం నుంచి తొలగించారు. ఆయన రాజీనామా చేశారు, పార్టీ మారారు, నవంబరు 2న ఉప ఎన్నికలో నెగ్గారు. ఆ గెలుపుతోనే భూముల సంగతి తేలిపోయినట్టు అంతా మాట్లాడారు. వీరిద్దరినీ ఏ కోర్టూ దోషులని తేల్చలేదు. సరిగ్గా అందుకే ఇది వారికి కూడా అన్యాయమే. నిజం తేలని ఆరోపణ నాయకుడి మీద జీవితాంతం మచ్చగా ఉంటుంది, ప్రజల దగ్గర మాత్రం బ్యాలట్ పెట్టె చప్పుడులో కలిసిపోతుంది.

ఇప్పటి ప్రభుత్వం దీనికి అతీతమని చెప్పడానికి మాకు ఒక్క కారణమూ కనిపించడం లేదు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నిందితుడిగా ఉన్న ఓటుకు నోటు కేసు 2015 మే 31 నాటిది. పదేళ్లు గడిచినా తీర్పు రాలేదు. ఆ కేసు విచారణలో ముఖ్యమంత్రి జోక్యం చేసుకోరాదని, ఏసీబీ అధిపతి ఆ కేసు వివరాలు ఆయనకు నివేదించరాదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కేంద్ర దర్యాప్తు సంస్థలు ప్రతిపక్షాలను వేధించే పనిముట్లని దేశమంతా చెబుతున్న కాంగ్రెస్, 2025 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కాళేశ్వరం వ్యవహారాన్ని సీబీఐకి అప్పగిస్తున్నట్టు శాసనసభలో ప్రకటించింది. రాష్ట్రంలో దర్యాప్తు చేసేందుకు ఆ సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని 2022 ఆగస్టు 30న ఉపసంహరించింది అంతకుముందున్న బీఆర్‌ఎస్ ప్రభుత్వం. ఎవరు ఏ సంస్థను ఎప్పుడు నమ్ముతారన్నది కుర్చీని బట్టి మారుతుంటే, విచారణ అనే మాటకే విలువ పోతుంది. ఓడినవారిపై మాత్రమే తెరుచుకునే ఫైలు, గెలవగానే మూతపడే ఫైలు జవాబుదారీతనం అనిపించుకోవు. 2023లో ఓటమి శిక్ష అయితే, అదే ఎన్నికలో విజయం 2015 కేసులో విముక్తి కావాలి. ఈ రెండో వాదనను ఒప్పుకోనివారు మొదటిదాన్ని కూడా ఒప్పుకోకూడదు.

కమిషన్ల చరిత్ర కూడా ఇదే హెచ్చరిస్తోంది. ఎమర్జెన్సీ అకృత్యాలపై జస్టిస్ షా కమిషన్ 1978లో మూడు విడతలుగా నివేదికలిచ్చింది. 1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి గెలిచారు, నివేదిక అటకెక్కింది. ఓటు ఆ రోజు తీర్పును మింగేసింది. కాళేశ్వరంపై విచారించిన జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ కమిషన్‌ను 2024 మార్చిలో వేసి, పదేపదే గడువు పొడిగించి, 2025 జులై 31న నివేదిక తీసుకున్నారు. మూడు బరాజ్‌ల నిర్మాణ, నిర్వహణ అవకతవకలకు అప్పటి ముఖ్యమంత్రి ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ బాధ్యులని అది చెప్పింది. కేసీఆర్, అప్పటి నీటిపారుదల మంత్రి హరీశ్ రావు ఆ నివేదికను హైకోర్టులో సవాలు చేశారు, అది వారి హక్కు. 1952 విచారణ సంఘాల చట్టం కింద ఇచ్చే నివేదిక సిఫార్సే కానీ తీర్పు కాదు కనుక, అభియోగం, సాక్ష్యం, వాదన అన్న మూడు మెట్లూ ఎక్కకుండా దాన్ని సభలో చదివి చప్పట్లు కొట్టడం వల్ల ఎవరూ దోషులు కారు.

ఆలస్యం ఏం చేస్తుందో ఆ జస్టిస్ ఘోష్‌కే బాగా తెలుసు. జయలలిత అక్రమాస్తుల కేసు 1996లో మొదలైంది. 2014లో కింది కోర్టు శిక్ష వేసింది, 2015లో హైకోర్టు కొట్టేసింది. 2017 ఫిబ్రవరి 14న జస్టిస్ ఘోష్ నేతృత్వంలోని ధర్మాసనం కింది కోర్టు తీర్పును పునరుద్ధరించే నాటికి ఆమె మరణించి రెండు నెలలు దాటింది. ఈ మధ్యలో ఆమె ఎన్నిసార్లు ఓడారో, ఎన్నిసార్లు గెలిచి ముఖ్యమంత్రి అయ్యారో గుర్తుచేసుకుంటే, ఎన్నికల ఫలితానికీ నేరనిర్ధారణకూ సంబంధం లేదన్న మాట వేరే చెప్పనక్కర్లేదు. ప్రజాప్రతినిధుల కేసుల్లో అభియోగాలు నమోదైన ఏడాదిలోగా విచారణ పూర్తిచేయాలని 2014 మార్చిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. అభియోగాల నమోదే జరగకుండా, కేసు నుంచి తప్పించమని కోరే డిశ్చార్జి పిటిషన్లతో ఏళ్లు నెట్టుకొచ్చే దారిని మన నేతలు, వారి న్యాయవాదులు కనిపెట్టారు.

ముప్పై రోజులు నిర్బంధంలో ఉన్న ముఖ్యమంత్రినో మంత్రినో పదవి నుంచి తొలగించేందుకు 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లుతో మేము ఏకీభవించం. అరెస్టు రుజువు కాదు. మాకు కావలసింది వేగంగా సాగే విచారణ.

ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం మన పిల్లలు బడిలో చదువుకుంటారు. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము నియమిత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని అందులో ఉంది. తనను ప్రశ్నించే కోర్టు గానీ ఓటరు గానీ లేని రాజు, తనకు తాను హద్దు గీసుకుని, దాన్ని అందరూ చదివేలా రాతి మీద చెక్కించాడు. కోర్టులూ ఓటర్లూ ఉన్న కాలంలో మన నేతలు ఓటరును చూపించి కోర్టును తప్పించుకోజూస్తున్నారు.

2024 ఫిబ్రవరి 13న అధికార పక్షం ఎమ్మెల్యేలు బస్సుల్లో మేడిగడ్డకు వెళ్లి పగుళ్లు చూపించారు. మార్చి 1న బీఆర్‌ఎస్ నేతలు కూడా బస్సుల్లో వెళ్లి మరమ్మతు చేస్తే సరిపోతుందన్నారు. ఆ రెండు యాత్రల వల్ల ఎగువ మంథని రైతుకు గానీ, ఆ నీళ్ల మీద ఆశ పెట్టుకున్న వరంగల్ ఆయకట్టుకు గానీ ఒరిగిందేమీ లేదు. ప్రభుత్వం తన దగ్గర సాక్ష్యం ఉంటే అభియోగపత్రం దాకా తీసుకెళ్లాలి, లేకపోతే లేదని ఇదే సభలో ఒప్పుకోవాలి. ఏదీ తేల్చకుండా వచ్చే ఎన్నికల దాకా ఈ కేసును ప్రచార సామగ్రిగా దాచుకోవడం ప్రజలను మోసం చేయడమే. మాజీ పాలకులు ఓటమిని రసీదులా చూపించడం మాని, పటాలు చూపించినప్పటి గొంతుతోనే ఎక్కడ కట్టమన్నారో, ఎవరి సలహా కాదన్నారో ప్రమాణం చేసి చెప్పాలి. ముఖ్యమంత్రి కూడా తన పాత కేసులో ఒక్క వాయిదా అడగకుండా విచారణకు నిలబడాలి.