బలగం చివరి పాట సాగదీత కాదండీ
2022 నుంచి వచ్చిన తెలంగాణ సినిమాలపై మీ అభిప్రాయాలన్నీ చదివాను. ‘దసరా’ రెండో సగంలో పట్టు తగ్గిందన్నది నిజమే. ‘విరాటపర్వం’లో సాయిపల్లవి నటన గురించి బాగా రాశారు. కానీ ‘బలగం’ చివరి పాటను సాగదీత అన్నారు చూడండి, అక్కడ మనసు చివుక్కుమంది.

2023లో హన్మకొండ దగ్గర మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి ఆ సినిమా వేశారు. కాకి ముద్ద ముట్టని సీన్ రాగానే మా పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పొలం గట్టు గొడవతో పదకొండేళ్లుగా ఆమెతో మాటల్లేని తమ్ముడు, అంటే మా మామ, నాలుగు వరసల వెనక కూర్చున్నాడు. పాట అయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు. బయటికి వచ్చేటప్పుడు “అక్కా, పైలంగ నడువు” అని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మా వరంగల్ వైపు ఊరూరా తిరిగి కథలు పాడే బుడగ జంగాల కళాకారులే. పోయినవాళ్ల మంచీ చెడూ ఒక్కొక్కటిగా తలుచుకుంటూ పాడాలంటే టైమ్ పడుతుంది. అక్కడ కత్తెర వేస్తే ఏడుపు ఎలా వస్తుంది? మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. మీరు ఆ పాటను ఊరి పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఇంకొక్కసారి చూసి, దాని గురించి మళ్లీ రాయండి.