13 అడుగుల ఏనుగు, డబ్బాడు బియ్యప్పిండి

మా అమ్మాయి బడిలో, ఏదైనా ఒక జంతువును అసలు సైజులో గీసి ఫోటో తెమ్మన్నారు. ఎదురింటి చంటి గట్టివాడు. చీమను ఎంచుకుని, పెన్సిలుతో మూడు చుక్కలు, ఆరు గీతలు పెట్టి క్రికెట్టుకు వెళ్లిపోయాడు. మా అమ్మాయి ఆఫ్రికా ఏనుగు అంది. "ఓస్, అంతేనా!" అన్నది మాత్రం నేనే.

ఆదివారం రాత్రి, నెల్లూరులోని మా వీధి సద్దుమణిగాక టేపూ ముగ్గుబుట్టా పట్టుకుని దిగాం. కొలతలకు అమ్మాయి ఒక ఏనుగును చూసి పెట్టింది. 1955లో అంగోలాలో వేటగాడి తూటాకు పడిన మగ ఏనుగు. ఇప్పటికీ వాషింగ్టన్ మ్యూజియంలో నిలబడి ఉంది. భుజం దగ్గర ఎత్తు దాదాపు 13 అడుగులు. మా వీధి వెడల్పు 14. పాదాలు మా మురుగుకాలువ పక్కన పెడితే, వీపు ఎదురింటివాళ్ల మెట్టుకు ఆనింది.

గుడి ఏనుగును తలచుకుని వీపు గుండ్రంగా లాగాను. "అది మన ఏనుగు నాన్నా. ఆఫ్రికా దానికి వీపు నడుమ పల్లంగా ఉంటుంది" అంది. చీపురుతో తుడిచాను. తొండం కొసన ఒక వేలు పెడితే, ఒకటి మన ఏనుగుకట, దానికి రెండట. మళ్లీ తుడిచాను. జ్ఞానం తొమ్మిదేళ్ల పిల్లది, నడుము నాది.

చెవి దగ్గరికి వచ్చేసరికి ముగ్గు అయిపోయింది. చెవంటే చెవా అది? ఆఫ్రికా పటంలా ఉండి, ఆరడుగుల దాకా సాగుతుంది. కొలత సరిచూద్దామని పక్కనే వెల్లకిలా పడుకున్నాను. సరిగ్గా అప్పుడే రెండో ఆట చూసి వస్తున్న పక్కింటాయన బండి ఆపి, "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని మెల్లగా అడిగారు. లేచి, వంటింట్లో చేతికందిన డబ్బా తెచ్చి చెవీ తొండమూ పూర్తి చేశాను.

తెల్లవారగానే మా ఆవిడ కేక: "మురుకులకని మర పట్టించిన మొలగొలుకుల పిండి ఏమైందండీ?"

జవాబు వీధిలో ఉంది. చెవి సగం లేదు. తొండం పొడవునా నల్లటి దారం కదులుతోంది. పుట్టేనాటికే 100 కిలోలు తూగే పిల్లను 22 నెలలు కడుపున మోసే జాతిని చీమలు నలుసు నలుసుగా మోసుకుపోతున్నాయి.

నేను తల పట్టుకుంటే అమ్మాయి ఎగిరి గంతేసింది. కెన్యాలో ఒక రకం తుమ్మచెట్టు ముళ్ల బుడిపెల్లో చీమలు కాపురముంటాయట. తొండంలో దూరి కుడతాయని ఏనుగులు ఆ చెట్టు జోలికే పోవట. "మనది శాస్త్రం ప్రకారమే ఉంది నాన్నా!" అంటూ మేడ మీదికి పరుగెత్తి ఫోటో తీసింది.

పళ్లు తోముకుంటూ వచ్చిన చంటి తొండం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. అసలు సైజు చీమలు ఆ ఫోటోలో ఉన్నాయి కనుక సగం మార్కులు తనకు రావాలని పేచీ మొదలుపెట్టాడు.

పాలాయన మాత్రం ఏనుగు కడుపు మీదుగా సైకిలు తొక్కడానికి మనసొప్పక, వీధి మొదట్లోనే నిలబడి బెల్లు కొడుతున్నాడు.